కర్ర చప్పుడు, నేల మీది పాదం

అమెరికాలోని అట్లాంటాలో నేను చేరిన మైండ్‌ఫుల్‌నెస్ తరగతిలో మొదటి వారం నేర్పినదల్లా కళ్ళు మూసుకుని, కదలకుండా ఊపిరిని గమనించడమే. నా పక్కన కూర్చున్న నల్లజాతి పెద్దావిడ రెండు నిమిషాలకే కళ్ళు తెరిచి, పెదవులు కదపకుండా సన్నగా రాగం తీయసాగారు. నిశ్శబ్దం తనకు విశ్రాంతిగా ఉండదనీ, చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నట్టుండి మాటలు ఆపేశారంటే ఎవరికో ఏదో జరిగిందని అర్థమనీ ఆ తరువాత చెప్పారు.

ఆవిడది జార్జియా తీరప్రాంతం. అక్కడి వరి, పత్తి తోటల్లో చాకిరీ చేసిన ఆఫ్రికా బానిసల సంతతివారైన గల్లా గీచీలు, గుండ్రంగా తిరుగుతూ పాడే 'రింగ్ షౌట్' అనే ఆరాధనను మెకిన్‌టోష్ కౌంటీలోని బోల్డెన్ పల్లెలో నేటికీ నిలుపుకున్నారు. 1739లో పక్క రాష్ట్రమైన దక్షిణ కరోలినాలోని స్టోనో వద్ద బానిసలు డప్పులు మోగిస్తూ తిరగబడ్డారు. మరుసటి ఏడాది చేసిన చట్టం డప్పులనూ కొమ్ములనూ నిషేధించింది. (అక్కడ చట్టం చేసి లాక్కున్న వాయిద్యాన్నే మన ఊళ్ళలో ఒక కులం మెడకు తగిలించి, చావు ముందు కొట్టి తీరాలన్నారు. ఆ గాయం గురించి చెప్పవలసినది దాన్ని మోసినవాళ్ళే.)

రింగ్ షౌట్‌లో డప్పు ఉండదు. ఒకరు కుర్చీలో కూర్చుని చీపురు కర్రను నిలువుగా పట్టుకుని చెక్క నేల మీద పోటు వేస్తారు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావారు చప్పట్లతో వంత పాడతారు. ఆడవాళ్ళు గుండ్రంగా, ఎడమవైపు తిరుగుతూ, అడుగు పెద్దగా ఎత్తకుండా పాదాలను ఈడుస్తూ కదులుతారు. ఒక పాదం రెండోదాన్ని దాటకూడదు, దాటితే అది నాట్యమవుతుంది, ఆరాధన కాదు. ఆ నియమాన్ని విన్నాకే నాకు విషయం తెలిసింది: ప్రతి అడుగునూ ఇంత శ్రద్ధగా గమనించే సాధన ధ్యానం కాక మరేమిటి? పాట సాగినంతసేపూ ఊపిరిని పొడవుగా వదలవలసిందే. అలా వదిలినప్పుడు గుండె వేగం నెమ్మదిస్తుందన్నది శరీరశాస్త్రం చెప్పే మాటే.

పూర్వీకుల భయం జన్యువుల గుండా వస్తుందని కొందరు తేలిగ్గా రాసేస్తుంటారు, మనుషుల విషయంలో అందుకు ఆధారాలు ఇంకా పలుచనివే. నాకు కనిపించేది అంతకంటే సూటిగా ఉంటుంది: పోలీసులు కారు ఆపితే చేతులు స్టీరింగ్ మీద కనబడేలా ఉంచమని పదహారేళ్ళ కొడుక్కి నల్లజాతి తల్లి నేర్పడం. ఇంకా తగులుతూనే ఉన్న దెబ్బకు రాగాలు మందు అని నేను అనను, వివక్ష పోవలసిన చోటు చట్టమూ పోలీసు ఠాణానూ. అయినా ఆ తల్లి రాత్రి నిద్రపోవాలి కదా.

మూడో వారం మా గురువు గంట కొట్టడానికి ముందు అందరినీ కాసేపు గొంతు కలపమన్నారు. ఆ పెద్దావిడ చెప్పులు విడిచి రెండు పాదాలూ నేలకు ఆనించారు. గంట మోగిన తరువాత మేమంతా ఆగిపోయాం, ఆవిడ వేళ్ళు మాత్రం కుర్చీ చేతి మీద కర్ర పోటు వేస్తూనే ఉన్నాయి.