ఇంగ్లీష్ వచ్చినా మాట ఎందుకు కుదరదు

ఇంగ్లీష్ వస్తే చాలు ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడేయొచ్చు అంటారు కదా, ఆ మాట నేను ఒప్పుకోను. గ్రామర్ పక్కాగా ఉండి కూడా అవతలివాళ్ళకి మొరటుగానో డొంకతిరుగుడుగానో అనిపించేవాళ్ళని రోజూ చూస్తూనే ఉంటాం. తేడా వచ్చేది గ్రామర్‌లో కాదు, దేన్ని మర్యాద అనుకుంటూ పెరిగాం అన్న దగ్గర.

ఇంగ్లీష్ వాళ్ళకి ఎదుటిమనిషి ఇష్టాయిష్టాల్లో వేలు పెట్టకపోవడమే మర్యాద, అందుకే పని చెప్పేటప్పుడు కూడా చెయ్యి అనకుండా "కుడ్ యూ", "వుడ్ యూ మైండ్" అని అడుగుతారు, అడిగినట్టే ఉంటుంది గానీ కాదనే ఛాన్స్ పెద్దగా ఉండదు. పోలిష్‌లో అలా కాదు, దగ్గరివాళ్ళకి పని నేరుగా చెప్పేస్తారు, అందులో తప్పేమీ లేదు. పోలండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో పనిచేసిన భాషావేత్త అన్నా వియెష్‌బిట్స్కా 1985లోనే ఈ తేడా మీద పేపర్ రాశారు, మర్యాద రూల్స్ అందరికీ ఒకటే అని అప్పట్లో చాలామంది రాస్తుంటే అవి ఇంగ్లీష్ వాళ్ళ రూల్స్ మాత్రమే అని గట్టిగా చెప్పారు. మాటకి ముందు "ఐ థింక్", "ప్రాబబ్లీ" తగిలించే అలవాటుని కూడా ఆవిడ పదిహేడో శతాబ్దపు ఇంగ్లీష్ తత్వవేత్త జాన్ లాక్ కాలం దాకా తీసుకెళ్తారు, అంటే మనకి ఎంతవరకు తెలుసో అంతవరకే గట్టిగా చెప్పాలి అనే ఆలోచన. 1660లో లండన్‌లో మొదలైన సైంటిస్టుల సంఘం రాయల్ సొసైటీ నినాదం కూడా ఎవరి మాటనీ ఊరికే నమ్మొద్దు అనే అర్థంలోనే ఉంటుంది.

ఇక ఆఫీసుల్లో చూడండి. రివ్యూలో "ఇట్ మైట్ బీ వర్త్ అనదర్ లుక్" అని కామెంట్ వస్తుంది, రాసినాయన ఉద్దేశం ఇది మార్చి పంపు అని, చదివినవాళ్ళేమో టైమ్ ఉంటే చూద్దాంలే అనుకుని అలాగే వదిలేస్తారు, వారం తర్వాత చెప్పినా వినలేదు అని ఈయనకి కోపం, అసలు ఎప్పుడు చెప్పారు అని వాళ్ళకి బాధ. ఇద్దరిలో ఎవరి ఇంగ్లీష్‌లోనూ తప్పు లేదు.

ఇది ఈమెయిల్స్‌తో ఆగిపోయే విషయం కూడా కాదు. 1990 జనవరి 25 రాత్రి కొలంబియా నుంచి న్యూయార్క్ వచ్చిన ఏవియాంకా 52 విమానాన్ని వాతావరణం బాలేక గంటకి పైగా గాల్లోనే ఆపారు, మొదటిసారి దిగడం కుదరలేదు. ఎమర్జెన్సీ అని చెప్పు అని కెప్టెన్ స్పానిష్‌లో అంటున్నాడు, కోపైలట్ మాత్రం కింద నుంచి విమానాలకి దారి చెప్పే కంట్రోలర్‌తో ఫ్యూయల్ అయిపోతోంది అన్నాడే తప్ప ఎమర్జెన్సీ అనే మాట వాడలేదు. ఇంకొంచెం దూరం తిప్పి తీసుకొస్తాను, మీకూ మీ ఫ్యూయల్‌కీ ఓకేనా అని కంట్రోలర్ అడిగితే వచ్చిన జవాబు "ఐ గెస్ సో, థాంక్యూ వెరీ మచ్". ఈ లైన్ ఎప్పుడు చదివినా నాకు గుండె బరువెక్కుతుంది. కాసేపటికి ఇంజన్లు ఆగిపోయాయి, 158 మందిలో 73 మంది చనిపోయారు. కల్చర్ ఒక్కటే కారణం అనను, ఫ్యూయల్ ప్లానింగ్‌లో, కంట్రోలర్ల వైపు కూడా లోపాలు ఉన్నాయి. కానీ పెద్ద అధికారం ఉన్నవాళ్ళని ఇబ్బంది పెట్టకుండా మాట్లాడాలి అనే అలవాటు ఆ జవాబులో నాకైతే స్పష్టంగా వినిపిస్తుంది.

2008 నుంచి అంతర్జాతీయ రూట్లలో పైలట్లకీ కంట్రోలర్లకీ ఆరు లెవెల్స్ ఉన్న స్కేల్‌లో కనీసం ఇంగ్లీష్ లెవెల్ 4 తప్పనిసరి అయింది, అందులో ఉచ్చారణ, పదజాలం లాంటి వాటితో పాటు ఎదుటివాళ్ళతో మాట ఎలా నడుపుతున్నారు అన్నదానికీ విడిగా గ్రేడ్ ఉంటుంది. మామూలు స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సుల్లో మాత్రం దీని ఊసే ఉండదు, టెన్సులు నేర్పి పంపించేస్తారు. ఇంగ్లీష్‌లో కాదు అని ఎలా చెప్తారు, మెత్తగా ఉన్న ఏ మాట నిజానికి ఆర్డర్, ఎప్పుడు మర్యాద పక్కన పెట్టి సూటిగా చెప్పేయాలి, ఇవి మొదటి నెలలోనే నేర్పాలి. అలాగే పుట్టుకతో ఇంగ్లీష్ వచ్చినవాళ్ళకి కూడా వాళ్ళ మెత్తని మాట అందరికీ అర్థం కాదని ఎవరో ఒకరు చెప్పాలి, ఎప్పుడూ సర్దుకునేది నేర్చుకునేవాళ్ళే అయితే అది న్యాయం కాదు.