‘నమ్ముచున్నాను’ అనే మాట దగ్గర

ఆదివారం ఆరాధనలో, క్రైస్తవులు తాము నమ్మేదాన్ని కలిసి పలికే విశ్వాస ప్రమాణం చెప్పడానికి మా కడప సంఘమంతా లేచి నిలబడినప్పుడు, దాదాపు ఆరేళ్లపాటు నేను కూడా నిలబడ్డాను గాని ‘నమ్ముచున్నాను’ అనే మాట వచ్చేసరికి నోరు మూసుకున్నాను. నమ్మనిదాన్ని దేవుని మందిరంలో పలకడం అబద్ధమాడడమే అవుతుందని నా భయం.

నా తమ్ముడికి ఎనిమిదో ఏట మూర్ఛ మొదలైంది. నాయన క్రమం తప్పకుండా మాత్రలు తెచ్చేవాడు, అమ్మ క్రమం తప్పకుండా ఉపవాసముండి ప్రార్థించేది, ఈ రెండింటి మధ్య విరోధముందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఒక స్వస్థత కూటంలో ప్రసంగించిన సేవకుడు, సంపూర్ణ విశ్వాసమున్న ఇంట్లో మందుల పెట్టె ఉండదని చెప్పగా, అమ్మ ఆ రాత్రే మాత్రలు ఆపేసింది. కొద్దిరోజులకే వాడు పొయ్యి పక్కన పడిపోయాడు, ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. మూర్ఛకు వాడే మందులు ఒక్కసారిగా మానేస్తే అది మరింత తీవ్రంగా తిరగబడుతుందని డాక్టరు చెప్పినప్పుడు అమ్మ తల ఎత్తలేదు. ఆ తరువాత మమ్మల్ని పరామర్శించడానికి వచ్చినవారిలో కొందరు, మీ విశ్వాసంలోనే ఎక్కడో లోపముందన్నారు. దేవుడున్నాడా లేడా అన్న ప్రశ్న నన్ను ఎన్నడూ బాధించలేదు. ఒక తల్లి విశ్వాసాన్ని తక్కెడలో తూచి, చాలలేదని బిడ్డను పొయ్యిలోకి వదిలేసే దేవుణ్ణి ప్రేమించడం ఎలాగన్నదే నన్ను తినివేసిన ప్రశ్న.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఒక సాయంత్రం ఇంటికి వచ్చిన మా సంఘ కాపరి అయ్యగారికి ఇదంతా దాచకుండా చెప్పాను. ఆయన వాదించలేదు. “మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయం పద్నాలుగో వచనం నుండి చదువు నాయనా, ప్రభువు ఆ తండ్రిని ఏమడిగాడో చూడు” అని మాత్రం చెప్పి ప్రార్థన చేసి వెళ్లారు.

చిన్ననాటి నుండి ఎన్నోసార్లు విన్న భాగమే అది. దయ్యం పట్టిన కొడుకును ఒక తండ్రి యేసు ప్రభువు శిష్యుల దగ్గరికి తెస్తాడు, వారు దాన్ని వెళ్లగొట్టలేకపోతారు. మత్తయి సువార్త ఈ పిల్లవాణ్ణి ‘చాంద్రరోగి’, అంటే మూర్ఛరోగి, అంటుంది. మార్కు వాడు నేలమీద పడి నురుగు కార్చుకుంటూ పొర్లాడడాన్ని కళ్లకు కట్టినట్టు చూపుతాడు. బిడ్డ అలా కొట్టుకుంటుండగా ప్రభువు తండ్రిని అడిగిన ప్రశ్న ‘నీకెంత విశ్వాసముంది’ అన్నది కాదు, “ఇది వీనికి సంభవించి యెంతకాలమైనది” అన్నది. మంచి వైద్యుడు అడిగే ప్రశ్న అది, అంతకంటే ఎక్కువగా ఆ ఇంటి బాధను మొదటి నుండి వినదలచుకున్నవాడు అడిగే ప్రశ్న. బాల్యము నుండియే అని చెప్పి, అది వాణ్ణి తరచుగా అగ్నిలోను నీళ్లలోను పడద్రోస్తుందని తండ్రి చెప్పిన చోట నేను చాలాసేపు ఆగిపోయాను. మా పొయ్యి అక్కడ ఉంది. ఆ తండ్రి కూడా గట్టి నమ్మకంతో రాలేదు. శిష్యుల వల్ల కాక, జనం ముందు నగుబాటై, “ఏమైనను నీవలననైతే” అన్నాడు. నమ్మువానికి సమస్తమును సాధ్యమేనని ప్రభువు చెప్పగా అతడు, “నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము” అని బిగ్గరగా చెప్పాడు. కొన్ని ప్రాచీన ప్రతులలో ఇక్కడ ‘కన్నీళ్లతో’ అన్న మాట కూడా కనబడుతుంది.

గ్రీకు మూలంలో ఆ వాక్యం ఇంకా సూటిగా, ‘నా అపనమ్మకానికి సహాయము చేయుము’ అని ఉంటుంది. అంతకు ముందు 22వ వచనంలో అతడు సహాయమడిగినప్పటి క్రియారూపం ఒక్కసారి చేసే పనిని సూచించేది, 24వ వచనంలోనిది చేస్తూనే ఉండమని కోరేది. అంటే బిడ్డ కోసం ఒకసారి అడిగినవాడు, తన అపనమ్మకం కోసం మాత్రం విడువక తోడుండమని అడిగాడు. ఆ అపనమ్మకం తీరేదాకా ప్రభువు ఆగలేదు. అతడు ఒప్పుకున్న వెంటనే, చచ్చినవానివలె పడి ఉన్న ఆ పిల్లవాణ్ణి చెయ్యి పట్టి లేవనెత్తాడు. తమకెందుకు సాధ్యం కాలేదని శిష్యులడిగితే, ప్రార్థన వలననే గాని ఈ విధమైనది వదలిపోదని జవాబిచ్చాడు. మరి ఆ కథలో ప్రార్థించిందెవరు? నాకు కనబడినంతవరకు ఆ తండ్రి ఒక్కడే, అతని ప్రార్థన ఆ సగం నమ్మకపు మాటలే. అమ్మకు ఈ సంగతి చదివి వినిపించినప్పుడు ఆమె చాలాకాలానికి తమ్ముడి కాలిన చేతిని తడుముతూ ఏడ్చింది.

మందులు మానడం విశ్వాసమని చెప్పేవారికి మా ప్రాంతపు చరిత్రే జవాబు చెబుతుంది. 1822లో కడపలో పని ప్రారంభించిన లండన్ మిషనరీ సొసైటీ వారే ఆ తరువాత జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రిని నెలకొల్పారు. సువార్తను తెచ్చిన చేతులే మందు కూడా ఇచ్చాయి.

లాటిను విశ్వాస ప్రమాణం ‘నమ్ముచున్నాను’ అన్న మాటతోనే మొదలవుతుంది. మన తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కనుక, తండ్రియైన దేవుడు ఎవరో ముందు చెప్పుకున్న తరువాతే, ఆయనను నమ్ముచున్నానని నేను పలకవలసి వస్తుంది. ఈ వరుస నాకు ఎంతో ఆదరణగా ఉంది. ఆయన ఎవరో సంఘమంతా నా చుట్టూ నిలబడి చెబుతుండగా, నా మాట వెనుకగా వచ్చి కలుస్తుంది.

తమ్ముడు ఇప్పటికీ మాత్రలు వాడుతున్నాడు, అప్పుడప్పుడు మూర్ఛ వస్తూనే ఉంది. ఆ సంవత్సరం ఈస్టరు ఉదయం వాడు నా పక్కనే నిలబడి, పాటల పుస్తకాన్ని కాలిన మచ్చ ఉన్న చేత్తో పట్టుకుని, ప్రమాణాన్ని పైకే చెబుతున్నాడు. ‘నమ్ముచున్నాను’ దగ్గరికి వచ్చినప్పుడు నేనూ గొంతు కలిపాను, మిగిలిన సగాన్ని లోలోపల ఆ తండ్రి మాటలతోనే ప్రభువుకు చెప్పుకున్నాను.