గోడ మీది గీత

మా హాల్లో కిటికీ పక్కన గోడ మీద ఒక గీత ఉంది. నడుముకి కాస్త పైన, టీ మరకలా. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి, వరద నీళ్ళతో గీసిపోయింది. మాది విజయవాడ సింగ్‌నగర్. ఆ రోజు ఆదివారం. ఆరాధనకని ఇస్త్రీ చేసి పెట్టుకున్న బట్టలు కుర్చీ మీదే నానిపోయాయి.

మూడు రోజులు డాబా మీదే ఉన్నాం. ఎటు చూసినా నీళ్ళు, తాగడానికి చుక్క లేదు. రెండో రోజు పడవలో వచ్చిన కుర్రాళ్ళు పాల ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు పైకి విసిరారు. వాళ్ళెవరో ఇప్పటికీ తెలియదు. అమ్మ ఆ సీసా పట్టుకుని "స్తోత్రం తండ్రీ" అంది, అంతే. మామూలుగా అమ్మ ప్రార్థన మొదలుపెడితే కూర చల్లారిపోతుంది.

నాలుగు నెలలు తిరక్కుండానే, ఒక పొద్దున కుళాయి ఆలస్యంగా వచ్చిందని నేను ఇల్లంతా గోల చేశాను. ఆ గీత పక్కనే నిలబడి.

"నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము, ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము." 103వ కీర్తనలోని ఈ మాట సండే స్కూల్లోనే కంఠతా పట్టాం. దావీదు ఇక్కడ తన ప్రాణాన్నే పిలిచి బుద్ధి చెప్పుకుంటున్నాడని ఆ రోజు కుళాయి దగ్గర తట్టింది. సంతోషంగా ఉండమని కూడా అనలేదు. మరిచిపోవద్దన్నాడు. సంతోషం రమ్మంటే రాదు కదా, జ్ఞాపకమైతే పెట్టుకుంటే ఉంటుంది.

ఇంకో సంగతి. నీళ్ళు తీశాక మొదటి ఆరాధనలో ఒకరు లేచి, "దేవుడు మా ఇంటిని ముట్టనివ్వలేదు" అని సాక్ష్యం చెప్పారు. నా పక్కన చాప మీద కూర్చున్నామెకు కుట్టుమిషను, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ పోయాయి. ఆమె తల వంచుకుంది. మరి ఆమె ఇంటి సంగతేమిటని పాస్టరుగారిని అడగబోయి ఊరుకున్నాను. అప్పట్నుంచి పక్కింటితో పోల్చుకుని స్తోత్రం చెప్పడం మానేశాను. నా చేతికొచ్చిన నీళ్ళ సీసాకు చెబుతాను, చాలు.

బైబిల్లో, యొర్దాను నది దాటాక ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ నదిలోంచి పన్నెండు రాళ్ళు తెప్పించి గిల్గాలులో నిలబెట్టించాడు, రేపు పిల్లలు "ఈ రాళ్లెందుకని" అడిగితే చెప్పడానికి. మాకు రాళ్ళు మోసే పని లేకపోయింది.

మొన్న క్రిస్మస్‌కి రంగులేయిస్తుంటే, ఆ గీత జానెడు మేర అలాగే ఉంచమంది అమ్మ. చుట్టాలు చూస్తే ఏమనుకుంటారని నాకు చిరాకేసింది. రంగులేసే అతను "ఎందుకమ్మా ఇది?" అన్నాడు. అమ్మ టీ గ్లాసు చేతికిచ్చి, డాబా మెట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టింది. పాల ప్యాకెట్ల దాకా రాగానే అతను ఆపాడు.

"మాది పాయకాపురం అమ్మా. మాకు ఇక్కడిదాకా" అని గొంతు దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. బ్రష్షు డబ్బా మీద పెట్టి, తనూ చెప్పడం మొదలుపెట్టాడు.