పావణా మీద ఒక గీత

పాత రాగి నాణెం చేతికి రాగానే ఎవరైనా ముందు సంవత్సరం చూస్తారు. నేను దాన్ని దీపం కింద ఏటవాలుగా పట్టుకొని, పది రెట్ల భూతద్దంలో, టంకశాల పొరపాటు వల్ల దాని మీద ఉండకూడనిది ఏముందో వెతుకుతాను. నా దగ్గరున్న 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావణా (అణాలో నాలుగో వంతు) మీద ఒక సింహం కాలి దగ్గర మొదలై అంచును తాకే సన్నని గీత ఉంది. అది గోటికి తగిలేంత ఎత్తుగా ఉంది. అచ్చులో పల్లంగా ఉన్నదే నాణెం మీద ఉబ్బుతుంది కనుక, టంకశాలలో అచ్చుకు బీట పడి, ఆ బీటలోకి రాగి ఎక్కడం వల్ల ఏర్పడిన గీత అది. అదే లోపలికి దిగి ఉంటే, తరువాత ఎవరో గీసిన గాటని పక్కన పెట్టేసేవాణ్ణి.

అక్షరాలు జంటగా కనబడితే మరింత జాగ్రత్త అవసరం. అచ్చులోనే రూపం రెండుసార్లు దిగి ఉంటే రెండో అక్షరం కూడా గుండ్రంగా, నిండుగా ఉంటుంది, అక్షరాల కొసలు చీలి కనబడతాయి. ముద్ర పడ్డాక అచ్చు కదిలితే మాత్రం అక్షరం పక్కన చదునైన మెట్టు మిగులుతుంది. 'అరుదైన ఎర్రర్' పేరిట వేలల్లో ధర చెప్పేవాటిలో ఈ మెట్టు రకమే ఎక్కువని నా అనుభవం. బొమ్మ అద్దంలోలా కుడి ఎడమలు తారుమారై, లోపలికి దిగి కనబడే 'బ్రోకేజ్' అనే లోపం విషయంలోనూ అంతే: ముందు కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుపోతే అలా వస్తుంది, కానీ రెండు నాణేలను వైస్‌లో బిగించి నొక్కినా దాదాపు అలాగే వస్తుంది. అటువంటప్పుడు రెండో ముఖం నలిగి ఉందేమో చూడాలి.

తేడా ఉన్నంత మాత్రాన అది తప్పు కాదు. 1858 పావణాల్లో కొన్నింటి మీద ఆకుల దండ కొసల్లో ఒక్కో ఆకు, కొన్నింటి మీద రెండేసి ఆకులు ఉంటాయి. అవి వేర్వేరు అచ్చుల రకాలు.

మొన్న ఒక పాత డబ్బాలో మరో 1835 పావణా దొరికింది. అదే కాలు, అదే గీత, అయితే ఇందులో అది సింహం నడుము దాకా పాకింది. బీట పెరుగుతుందే గాని తగ్గదు కాబట్టి, నాణేలు పేర్చే పళ్ళెంలో దీన్ని మొదటిదాని తరువాతి గుంటలో ఉంచాను.