ఒంట్లో ఇనుముంది, రక్తం లేదు

మా కోనసీమలో గజ్జల్లో బిళ్ళ కట్టి, రాత్రిళ్ళు చలిజ్వరం వస్తోందంటే ఎవరైనా మొదట అనే మాట ఫైలేరియా, అదే బోదకాలు తెచ్చే పురుగు. అమలాపురంలో ల్యాబ్ టెక్నీషియన్ని కదా, మా బాబాయికి నేనూ ముందు ఆ పరీక్షే చేశాను. ఆ పురుగు పిల్లలు రక్తంలోకి వచ్చేది రాత్రి పూటే. పది దాటాక ఇంటికెళ్ళి వేలు పొడిస్తే, "నిద్ర కూడా పోనివ్వవేంటే" అని విసుక్కున్నాడు. స్లైడు మీద ఏమీ లేదు.

పిన్ని టెన్షన్ వేరు. బాబాయి హిమోగ్లోబిన్ 8 దాటదు. మునగాకు వండిపెట్టింది, ఐరన్ మాత్రలు మార్చి మార్చి మింగించింది. తెల్లారేసరికి బనీను పిండితే చెమట కారేది. తీరా ఫెరిటిన్ చూస్తే బాగా ఎక్కువ! అంటే ఒంట్లో ఇనుము నిల్వ ఉంది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉందని చెప్పే సీఆర్‌పీ కూడా ఎక్కువే.

కాకినాడలో బిళ్ళ మొత్తం తీసి బయాప్సీకి పంపితే కాజిల్‌మన్ వ్యాధి అని వచ్చింది. క్యాన్సర్ కాదు. లింఫు గ్రంథిలో తెల్ల రక్తకణాలు అదుపు తప్పి పెరగడం. అసలు గొడవంతా ఆ గ్రంథి వదిలే ఇంటర్‌ల్యూకిన్-6 అనే సైటోకైన్‌ది. కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రోటీన్లే సైటోకైన్లు. ఈ కబురు మెదడుకు చేరితే జ్వరం, కాలేయానికి చేరితే సీఆర్‌పీ, దాంతోపాటు హెప్సిడిన్. ఈ హెప్సిడిన్ ఇనుమును నిల్వల్లోంచి కదలనివ్వదు, పేగుల్లోంచి ఎక్కనివ్వదు. ధవళేశ్వరంలో నీళ్ళు నిండుగా ఉన్నా లాకులు దించేస్తే శివారు చేలు ఎండిపోవూ, అలాగన్నమాట. మాత్రలు ఎన్ని మింగితే ఏం లాభం?

బిళ్ళ తీశాక జ్వరం పోయింది, ఐరన్ లేకుండానే రక్తం పెరిగింది. పిన్ని మాత్రం ఆ ఘనత మునగాకుదే అంటుంది. నేను వాదించను.

ఈ ఇంటర్‌ల్యూకిన్-6 జన్యువును 1986లో జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో కిషిమోతో, హిరానో బృందం పట్టుకుంది. కాజిల్‌మన్ గ్రంథులే దాన్ని తయారు చేస్తున్నాయని 1989లో అక్కడివాళ్ళే చూపించారు. కరోనా రెండో వేవ్‌లో జనం పరుగులు పెట్టిన టోసిలిజుమాబ్ గుర్తుందా? అది ఇంటర్‌ల్యూకిన్-6 కబురును అడ్డుకునే మందు. దానికి మొట్టమొదటి అనుమతి 2005లో జపాన్‌లో వచ్చింది ఈ జబ్బుకే. గ్రంథులు ఒక్కచోట కాక ఒళ్ళంతా వాచినప్పుడు కోసి తీయడం కుదరదు, అప్పుడు ఇలాంటి మందులే దిక్కు.

హెచ్ఐవీ పరీక్ష రాశారని బాబాయి రెండ్రోజులు డాక్టరు మీద అలిగాడు. దానికీ కారణముంది. హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో ఈ జబ్బును ఎక్కువగా రేపేది హెచ్‌హెచ్‌వీ-8 అనే మరో వైరస్. ఆ గడుసుది ఇంటర్‌ల్యూకిన్-6కు నకలు తనే తయారు చేసుకుంటుంది.