నిమ్మరసంతో పోగొట్టుకున్న పొర

"పిల్ల మంచిగనే ఉన్నది గని, గారపండ్లు" అని పెండ్లిచూపులకు వచ్చిన ఒక పెద్దావిడ, మా అమ్మ ఇచ్చిన చాయ తాగుతూనే అన్నది. మూడేండ్లయినా ఆ మాటను నేను క్షమించలేకపోతున్నాను.

మాది జనగామ వైపు పల్లె. చిన్నతనమంతా బోరు నీళ్లే తాగాము. ఆ మాట విన్న మర్నాటి నుంచి నిమ్మరసంలో వంటసోడా కలిపి పొద్దున, రాత్రి రుద్దుకున్నాను. వారంలోనే పండ్లు కొంత తెల్లబడ్డట్టు అనిపించేసరికి, ఆ సంబరంలో బొగ్గుపొడి కూడా జోడించి నెలన్నర పాటు ఇంకా గట్టిగా రుద్దాను.

సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర ఆడి ఇంటికి వచ్చి, చింతపండు పులిహోర ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోగానే ముందుపండ్ల నుంచి నడినెత్తి దాకా జివ్వుమని లాగింది. నీళ్లు పుక్కిలిస్తే నొప్పి రెట్టింపైంది. నోరు తెరిస్తే గాలి తగిలినా ఓర్వలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెల్లవారేదాకా కూర్చున్నాను. ఉన్న పండ్లన్నీ ఊడిపోతాయేమోనని వణికిపోయాను. అమ్మ నా పక్కనే కూర్చుని భద్రకాళి అమ్మవారికి ముడుపు కట్టింది.

మొదట చూసిన డాక్టరు "పండ్ల నొప్పికి ఇంత లొల్లా?" అని గోళీలు రాసి పంపించాడు. రెండవసారి చూపించుకున్న దంతవైద్యురాలు మాత్రం నా చేతికి అద్దం ఇచ్చి ఓపికగా చెప్పింది. నా పండ్ల మీది గోధుమరంగు చారలు మురికి కావట; చిగుళ్ల లోపల పన్ను తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగడం వల్ల ఎనామిల్‌లోనే, అంటే పన్ను మీది గట్టి పొరలోనే ఏర్పడ్డవట. ఎంత రుద్దినా అవి పోవు. పులుపును కొలిచే పీహెచ్ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ; అది 5.5 కంటే తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది, నిమ్మరసానిది 2 నుంచి 3 మధ్యనే ఉంటుంది. పులుపుకు మెత్తబడ్డ పొరను నేను బొగ్గుతో గీకేశాను. ఎనామిల్‌ను కట్టే కణాలు పన్ను బయటికి వచ్చేనాటికే నశిస్తాయి కనుక, పోయిన పొర మళ్లీ రాదు. అది విని ఏడ్చేశాను.

ఫ్లోరైడ్ వార్నిష్ పూసింది, జివ్వుమనడం తగ్గేందుకు పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు రాసిచ్చింది, రెండు ముందుపండ్లకు కాంపోజిట్ అనే పన్ను రంగు పూత పెట్టింది. చిన్నప్పుడు ఎక్కువై పాడుచేసిన ఫ్లోరైడే ఇప్పుడు తగు మోతాదులో పండ్లను గట్టిపరచడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నాలుగు నెలలకు చల్లనీళ్లు తాగగలిగాను. ఆ డాక్టరమ్మ చేతులు చల్లగుండాలి.

ఇంటి చిట్కా అడిగేవారికి నేను చెప్పేది ఇంతే: పులుపు తిన్నాక మంచినీళ్లతో పుక్కిలించండి, అరగంట దాకా బ్రష్ పట్టకండి, మెత్తటి బ్రష్‌నే వాడండి, రంగు గురించి ముందుగా దంతవైద్యులను అడగండి.

మా అక్క బిడ్డకు ఏడేండ్లు. ముందుపండ్లు రెండు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. అది తాగేది మాలాగ బోరు నీళ్లు కాదు, సర్కారు మిషన్ భగీరథ నల్లా నీళ్లే. ఊరికి పోయినప్పుడల్లా దాని నోరు తెరిపించి, ఎండకు నిలబెట్టి చూస్తాను. మొన్న చూసినప్పుడు చారలేమీ లేవు.