కొత్త డెగూలు వచ్చి 3 వారాలు

మా పాత డెగూల (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువులు) జంటకి ఇంకో రెండింటిని తోడు తెస్తే నాలుగు రోజుల్లో కలిసిపోతాయిలే అనుకున్నాను. ఎంత అమాయకత్వమో!

మొదట రెండు కేజ్‌లు పక్కపక్కనే పెట్టాను, కాలివేళ్లు కొరుక్కోకుండా మధ్యలో కాస్త ఖాళీ వదిలి. రోజూ అవి దొర్లి స్నానం చేసే ఇసుక గిన్నెలు అటూ ఇటూ మార్చేదాన్ని. డెగూలకి ముఖం కంటే ముందు వాసన పరిచయం కావాలి మరి. కొత్తవాళ్ల గిన్నె పెట్టగానే మా పెద్దది మూతి ఆనించి వాసన చూసి, అందులోనే ఉచ్చపోసి, దాని మీదే దొర్లింది. ఇల్లు నాదే అని చెప్పడమన్నమాట.

8వ రోజు ఆగలేక కలిపేశాను. వెనక కాళ్ల మీద లేచి బాక్సింగ్ చేయడం, ఒకదాని మీదికొకటి ఎక్కడం, అంతవరకు మామూలే. వాటిలో రెండు బంతిలా చుట్టుకుని దొర్లేసరికి నా గుండె ఆగినంత పనైంది. తోక పట్టుకుంటే చర్మం ఊడొస్తుంది, మళ్లీ రాదు. అందుకే అట్టముక్క అడ్డం పెట్టి విడదీశాను. కథ మళ్లీ మొదటికి.

నిన్న ఎవరి వాసనా లేని చోట, ఖాళీ బాత్‌టబ్‌లో, 20 నిమిషాలు వదిలాను. చిన్నది కళ్లు మూసుకుని మెడ చాచింది. పెద్దది దాని చెవి వెనక బొచ్చు సర్దింది, సన్నగా ఏవో కబుర్లు చెబుతూ.

రాత్రికి మాత్రం ఎవరి కేజ్‌లో వాళ్లే. ఈసారి నాకే తొందర లేదు.